మొదటి పాలు, చివరి పాలు

కొండాపూర్,
9 ఫిబ్రవరి 2026

పెదనాన్న గారికి,

రసజ్ఞ నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడదామనుకున్నాను గానీ అది అబద్ధమవుతుంది, మీకు అబద్ధాలు పడవు. పాప బాగానే ఉంది. మా ఆయన లోహిత్ బాగున్నాడు. మా అత్తగారు పుణ్యవతి గారు పురిటికని కాకినాడ నుంచి వచ్చి రెండు నెలలు దాటింది, ఆవిడ మా అందరికంటే బాగున్నారు. నేనే బాగాలేను.

కొండాపూర్ నుంచి చందానగర్‌కి ఎంతని, ఉత్తరమేమిటి విడ్డూరంగా అనుకుంటారు. ఫోన్ చేస్తే మీకు సగం వినపడదు, ఆ సగం పెద్దమ్మని అడుగుతారు. పెద్దమ్మకి తెలిస్తే సాయంత్రానికల్లా గుంటూరు నుంచి విశాఖపట్నం దాకా చుట్టాలందరికీ తెలుస్తుంది. వాట్సాప్ మీరు పండక్కోసారి తెరుస్తారు. పైగా ఈ ఇంట్లో గట్టిగా మాట్లాడితే అత్తగారి చెవిన పడుతుంది. అందుకని కాగితం. అక్షరాలు వంకర్లు పోతే ఏమీ అనుకోకండి, పెన్ను పట్టి పదేళ్ళయింది.

సంగతేమిటంటే, మా ఆఫీసు టవర్లో కింద అంతస్తులో ఈమధ్య ఒక కొత్త ల్యాబు తెరిచారు. బాలింతల పాలలో ప్లాస్టిక్ రేణువులున్నాయో లేదో చూసి చెబుతారట. మా టీమ్‌లో దివ్య లింకు పంపింది. సెలవులో ఉన్నాను, ఊరికే కూర్చోలేక నేనూ పేరిచ్చాను. వాళ్ళే ఇంటికి డబ్బా పంపారు. పాలు పట్టి పంపించాను. పోయిన బుధవారం రిపోర్టు వచ్చింది. గ్రాము పాలకి నలభై ఒక్క మైక్రోగ్రాముల ప్లాస్టిక్. ఆ అంకె చుట్టూ ఎర్ర గీత. పక్కన "అధికం" అని రాసి ఉంది.

ఆ రోజు నుంచి పాపకి నా పాలు పట్టడం లేదు పెదనాన్నా. మిషనుతో పిండి సింకులో పోస్తున్నాను. పాపకి డబ్బా పాలపొడి కలిపి సీసాతో పడుతున్నాను. అది సీసా చూస్తే మొహం తిప్పేసుకుంటుంది. నా వాసన తగిలితే చాలు, నోరు తెరుచుకుని వెతుక్కుంటుంది. మా పనావిడ సరిత నిన్న చూసి, "ఏందక్కా గిట్ల జేస్తున్నవ్? తల్లి పాలు మోరిల పోస్తరా ఎవలన్న?" అంది. అత్తగారికి పాలు సరిపోవట్లేదని చెప్పాను. ఆవిడ నాకు వెల్లుల్లి కారం ముద్దలు రెట్టింపు చేశారు. డాక్టరు గారికీ చెప్పలేదు, తిడతారని.

మీరు ముప్ఫై ఏళ్ళు నూనె, నెయ్యి పరీక్షించే ల్యాబులో చేశారు. ఈ వంశంలో మిషన్ల సంగతి తెలిసింది మీ ఒక్కరికే. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని, నాకు తెలిసింది పాస్, ఫెయిల్, ఈ రెండే. ఒక్క మాట చెప్పండి. పాపకి నా పాలు ఇవ్వొచ్చా, వద్దా? రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. ఎక్కువ రోజులు ఆగలేను.

మీ
రసజ్ఞ

*

చందానగర్,
12 ఫిబ్రవరి 2026

చిరంజీవి సౌభాగ్యవతి రసజ్ఞకి,

పెదనాన్న సోమేశ్వరరావు ఆశీస్సులు. నీ ఉత్తరం మూడో రోజుకి చేరింది. నడిచి వచ్చినా ముందే వచ్చేది. కవరు మీద నీ రాత చూసి మీ పెద్దమ్మ జయలక్ష్మి "శుభలేఖా?" అంది. బీమా కాగితాలన్నాను. నీకోసం ఇంటావిడకి అబద్ధం చెప్పాను, గుర్తుంచుకో.

ఇక్కడ మార్కెట్ రోడ్డు మళ్ళీ తవ్వారు. దుమ్ము. నా చెవి మిషను దుమ్ముకి గురగురమంటోంది. ఆ దుమ్ము గురించే చెబుతాను, విను.

ఆ నలభై ఒకటిని నేను నమ్మను. అలాగని నీ పాలలో ప్లాస్టిక్ లేదని కూడా అనను. ఈ రెండూ వేరు వేరు మాటలు, కలిపెయ్యకు. మనిషి రక్తంలో, మాంసంలో, పాలలో ప్లాస్టిక్ ఎంత ఉందో కొలవడం ఇప్పటికి ఎవరికీ సరిగ్గా చేతకాలేదు. ఒక ల్యాబు వంద అంటే ఇంకో ల్యాబు రెండు అంటుంది. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే ఒకరి లెక్క ఒకరు ఒప్పుకోవడం లేదు. ఎందుకంటావా? కొలిచేవాడే ప్లాస్టిక్ మధ్యన కూర్చున్నాడు. వాడి చొక్కా ప్లాస్టిక్ దారం, చేతి తొడుగు ప్లాస్టిక్, గదిలో ఎగిరే ధూళిలో ప్లాస్టిక్. నువ్వు పాలు పిండిన మిషను గొట్టాలు ప్లాస్టిక్, పంపిన డబ్బా ప్లాస్టిక్. వీటిలో నీ పాలలోది ఏది, బయటిది ఏది అని విడదీసేదెలా?

మా రోజుల్లో దీనికి ఖాళీ నమూనా అని ఒకటి తీసేవాళ్ళం. అసలు సరుకు ఏమీ లేకుండా, ఒట్టి నీళ్ళు, అదే గిన్నెలో, అదే గదిలో, అదే చేతులతో. దానిలో ఎంత వస్తే అంత మన పాపం అన్నమాట. మీ ల్యాబు వాళ్ళు ఖాళీ నమూనా అడిగారా? అడిగి ఉండరు.

కాబట్టి మళ్ళీ పరీక్ష చేయిద్దాం, నేను చెప్పినట్టు. నూలు చీర కట్టుకో. మిషను వద్దు, చేత్తో పిండు. మరిగించి చల్లార్చిన స్టీలు గ్లాసులు మూడు తీసుకో. ఒకదానిలో మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ పోసి పక్కన పెట్టు, అది ఖాళీ నమూనా. రెండోదానిలో పిండడం మొదలుపెట్టిన వెంటనే వచ్చే పాలు. మూడోదానిలో అదే వైపు ఇక అయిపోతున్నాయనగా వచ్చే చివరి పాలు. ఈ రెండూ కలపకు. మూడూ గాజు సీసాల్లో పంపు.

రెండుసార్లు ఎందుకని అడుగుతావు. చెప్పను. నమూనా తీసే మనిషికి ఏం రావాలో ముందే చెబితే చెయ్యి అటే పోతుంది. అది నేను ఉద్యోగమంతా పాటించిన నియమం. ఫలితం వచ్చాక నువ్వు అంకెలు రాయి, అప్పుడు చెబుతాను.

ఇవ్వొచ్చా వద్దా అన్నావు. ఉందో లేదో తేలకుండా నేనేం చెప్పను తల్లీ? తొందరపడి మాట అనేసే వాడిని కాదు నేను. అన్నట్టు పాప సీసా దేనితో చేసింది?

శుభం కోరే
పెదనాన్న

*

కొండాపూర్,
23 ఫిబ్రవరి 2026

పెదనాన్నా,

ముందుగా ఒక పెద్ద దండం. ఇంత పెద్ద తలనొప్పి తీసేశారు!

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నాకు బుర్ర తిరిగిపోయింది, నిజం చెప్పాలంటే కోపం కూడా వచ్చింది. నమ్మనంటారు, లేదని అననంటారు. మా ఆఫీసులో ఇలా రిపోర్టు రాస్తే మేనేజరు అవినాష్ నా కుర్చీ ఖాళీ చేయిస్తాడు. అయినా మీరు చెప్పినట్టే అంతా చేశాను. నూలు చీర నా దగ్గర లేదు, అత్తగారిది కట్టుకున్నాను. "ఏమిటమ్మా, ఏదైనా వ్రతమా?" అన్నారావిడ. అవునండీ అన్నాను. ఏం వ్రతమో చెప్పమని పట్టుకున్నారు, చచ్చీచెడీ తప్పించుకున్నాను.

పాప సీసా సంగతి చూశాను. ప్లాస్టిక్కే. చూసి నెత్తి కొట్టుకున్నాను. నా పాలలో ప్లాస్టిక్ ఉందని, వేణ్ణీళ్ళు పోసిన ప్లాస్టిక్ సీసాతో పాలు పడుతున్నాను పదిహేను రోజులుగా! అత్తగారు తెచ్చిన వెండి ఉగ్గుగిన్నె బీరువాలో ఉంది, అది బయటికి తీశాం.

ఇక అంకెలు. మీరే చూడండి.

ఒట్టి నీళ్ళు: తొమ్మిది.
మొదటి పాలు: పధ్నాలుగు.
చివరి పాలు: యాభై ఎనిమిది.

ఇప్పుడర్థమైంది మీరు రెండుసార్లు ఎందుకు తీయమన్నారో! నీళ్ళలోనే తొమ్మిది వచ్చిందంటే అది గదిది, ల్యాబుది, నాది కాదు. మొదటి పాలలోంచి అది తీసేస్తే మిగిలింది అయిదు. అయిదంటే ఏముంది? దాదాపు లేనట్టే. ప్లాస్టిక్ అంతా చివరి పాలలో ఉంది. లోపల ఎక్కడో పేరుకుని ఆఖర్న వస్తోందన్నమాట. పదకొండేళ్ళు బగ్గులు వెతికిన దాన్ని, ఇక్కడ పట్టలేనా?

అందుకని నిన్నటి నుంచి మళ్ళీ పాపకి పాలు ఇస్తున్నాను. ఒక్కో వైపు నాలుగు నిమిషాలు, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని. టైమర్ మోగగానే పాపని తీసేసి, మిగిలిన చివరి పాలు పిండి పారబోస్తున్నాను. ఆ చెత్త దానికి అందకుండా జాగ్రత్తగా చూస్తున్నాను. తీసేటప్పుడు అది గుక్కపెట్టి ఏడుస్తుంది, కానీ పాలపొడి అక్కర్లేకుండా పోయింది. మళ్ళీ నా దగ్గరికి వచ్చింది పెదనాన్నా, నిన్న దాన్ని పొదువుకుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు.

నేను చేస్తున్నది సరే కదా? ఒక్క ముక్క రాయండి.

మీ
రసజ్ఞ

*

చందానగర్,
24 ఫిబ్రవరి 2026

చిరంజీవి రసజ్ఞకి,

ఆశీస్సులు. ఈ పూటకి కూడా నీ దగ్గర్నుంచి ఉత్తరం అందలేదు. పోస్టుమ్యాను కిందనే డబ్బాలో పడేసి పోతాడు, పొద్దున్నే వెళ్ళి చూశాను, కరెంటు బిల్లే ఉంది. రేపు ఉదయం నేనూ మీ పెద్దమ్మా గుంటూరు వెళుతున్నాం. ఆవిడ చెల్లెలి మనవరాలి పెళ్ళి. పెళ్ళి ఒక్క రోజే, మీ పెద్దమ్మ మాటలు మాత్రం పది రోజులు. పైగా అక్కడ నా కంటి శుక్లం చూపించుకోవాలంటుంది. మార్చి పదికి గానీ తిరిగి రాం.

అంకెలు చూడకుండా నేనేమీ చెప్పకూడదు, చెప్పను కూడా. అయినా నువ్వు బెంగ పెట్టుకుని ఉంటావని ఒక్క మాట రాస్తున్నాను. మొదటి పాలకీ చివరి పాలకీ తేడా ఎంత ఎక్కువ వస్తే అంత మంచి కబురు. తేడా రాకపోతేనే నాకు దిగులు. చివరి పాలలో మూడింతలో నాలుగింతలో కనబడిందనుకో, ఇక నిశ్చింతగా ఉండు. ఎందుకో వచ్చాక వివరంగా రాస్తాను.

ఆ ల్యాబుకి నేను కూడా ఒక చిన్న నమూనా పంపాను. ఏమిటో ఇప్పుడు అడక్కు. ఈ వయసులో మళ్ళీ గాజు గొట్టం పట్టుకునేసరికి ప్రాణం లేచొచ్చింది. మీ పెద్దమ్మ "ఏం చేస్తున్నారక్కడ?" అంటే చెవి మిషను బాగు చేసుకుంటున్నానన్నాను. రెండో అబద్ధం.

పాపని అడిగానని చెప్పు. దానికేం తెలుస్తుందంటావా, చెప్పు, తెలుస్తుంది.

పెదనాన్న

*

కొండాపూర్,
8 మార్చి 2026

పెదనాన్నా,

మీరు ఊళ్ళో లేరని తెలుసు. వచ్చేసరికి ఇది మీ డబ్బాలో ఉండాలని రాస్తున్నాను.

మీ ఉత్తరం అందినప్పుడు ఎంత ధైర్యం వచ్చిందో. నాలుగింతలు వస్తే నిశ్చింతగా ఉండమన్నారు, సరిగ్గా నాలుగింతలే వచ్చింది. అంటే నేను పట్టుకున్నది నిజమే, చివరి పాలు తీసేస్తే చాలు అనుకున్నాను. లోహిత్‌కి కూడా చదివి వినిపించాను. ఇంకా జాగ్రత్తపడి టైమర్ నాలుగు నుంచి మూడు నిమిషాలకి తగ్గించాను.

నిన్న పాపకి టీకా వేయించడానికి తీసుకెళ్ళాం. అక్కడ తూచారు. పదిహేను రోజుల్లో తొంభై గ్రాములు పెరిగింది. కనీసం మూడు వందలు పెరగాలట. డాక్టరు గారు కాగితం మీద గీత గీసి చూపించారు. అందరి పిల్లల గీతా పైకి పోతోంది, మా పాపది అడ్డంగా పడుకుంది. విరేచనం ఎలా ఉందన్నారు. ఆకుపచ్చగా, నురగగా అన్నాను. పాలు కడుపునిండా తాగుతోందా అన్నారు. తాగుతోందన్నాను. అబద్ధం కాదు కదా? రోజుకి పన్నెండుసార్లు తాగుతోంది. అయినా ఎప్పుడూ ఆకలే. తాగిన పావుగంటకే మళ్ళీ పిడికిలి నోట్లో పెట్టుకుని చీకుతుంది. వారం ఆగి చూద్దాం, పెరగకపోతే పరీక్షలు రాస్తానన్నారు.

ఇంటికొచ్చాక సరిత పాపని ఎత్తుకుని, "అక్కా, ఏమనుకోకు, పోరి అల్కగైంది, ఎత్తుకుంటె బరువే తెల్వదు. మొన్నటి లెక్క లేదు," అంది. అత్తగారు ఆ మాట విని నావైపు చూశారు. నిన్నటి నుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు, అన్నం మాత్రం కలిపి పెడుతున్నారు.

నాకేమీ అర్థం కావడం లేదు పెదనాన్నా. పిచ్చెక్కిపోతోంది. మీరు చెప్పిన పరీక్ష చేశాను, మీరు చెప్పిన తేడా వచ్చింది, మీరు చెప్పినట్టే నిశ్చింతగా ఉన్నాను. మరి పాప ఎందుకు చిక్కిపోతోంది? లోపల పేరుకున్న ప్లాస్టిక్ మొదటి పాలలోకి కూడా వచ్చేసిందా? మళ్ళీ పరీక్ష చేయించనా? మొత్తం మానేసి పాలపొడికే పోనా? ఎడమవైపు ఎలాగూ బాగా తగ్గిపోయాయి. ఎటు పోయినా దానికి నా చేత్తో నేనే ఏదో కీడు చేస్తున్నట్టుంది.

వచ్చిన వెంటనే రాయండి.

రసజ్ఞ

*

చందానగర్,
10 మార్చి 2026

రసజ్ఞా,

ఈ కాగితం పక్కన పెట్టు. ముందు పాపని తీసుకుని పాలివ్వు. టైమర్ పెట్టకు. అదే వదిలేదాకా ఇవ్వు. ఆ తర్వాత వచ్చి మిగతాది చదువు.

ఇచ్చావా? సరే.

మేము గంట క్రితం రైలు దిగాం. డబ్బాలో నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి దొరికాయి. మెట్ల మీదే నిలబడి చదివాను. నీ ఫిబ్రవరి ఉత్తరం నేను వెళ్ళిన మర్నాడే వచ్చి రెండు వారాలు ఆ డబ్బాలో పడి ఉంది తల్లీ. నేను అక్కడ పెళ్ళి భోజనాలు చేస్తూ కూర్చున్నాను.

నువ్వు పారబోసింది ప్లాస్టిక్ కాదు. మీగడ.

తల్లి పాలలో మొదట వచ్చేవి పల్చగా ఉంటాయి, దాహం తీరుస్తాయి. కొవ్వంతా చివర్న వస్తుంది. బిడ్డ కండ పట్టేది ఆ చివరి పాలతోనే. మీ ల్యాబు మిషను ఏం చేస్తుందంటే, నమూనాని గాలి తగలకుండా మాడ్చి, వచ్చిన ఆవిరిని చూసి, ఇది ఫలానాది అని చెబుతుంది. మనం సరుకులు తెచ్చుకునే కవరు ప్లాస్టిక్ పొడవాటి గొలుసు లాంటిది. కొవ్వు కూడా అలాంటి గొలుసే, కాస్త చిన్నది. రెండూ మాడినప్పుడు ఒకే రకం ముక్కలు వస్తాయి. ముందుగా కొవ్వుని పూర్తిగా తీసెయ్యకపోతే మిషను ఆ కొవ్వుని కూడా ప్లాస్టిక్ కింద లెక్క కడుతుంది. నాకు మొదట్నుంచీ ఉన్న అనుమానం అదే. అందుకే రెండు నమూనాలు తీయమన్నాను. కొవ్వు ఎక్కువున్న చోట అంకె కూడా ఎక్కువైతే, ఆ అంకె కొవ్వుదే. తేడా ఎంత ఎక్కువుంటే అంత మంచిదన్నది అందుకే. నువ్వేమో దాన్ని తిరగేసి అర్థం చేసుకున్నావు. నీ తప్పేమీ లేదు. నేను కారణం చెప్పలేదు.

ఆ ల్యాబుకి నేను పంపిన నమూనా ఏమిటో ఇప్పుడు విను. నా పాత పెట్టెలో, మిషన్లు సరిచూడటానికి వాడే శుద్ధమైన కొవ్వు ఉన్న గాజు గొట్టం ఒకటి మిగిలింది. మంట మీద మూతి కరిగించి మూసింది, ప్లాస్టిక్ తగిలే వీలు లేనిది. దాన్ని గాజు సీసాలో పోసి, మీ పెద్దమ్మ పేరు మీద, తల్లి పాలు అని రాసి పంపాను. రిపోర్టు వచ్చి ఉంది. మూడు వందల పన్నెండు! ఎర్ర గీత! "శిశువుకు పట్టే ముందు నిపుణులను సంప్రదించండి" అని అరవై తొమ్మిదేళ్ళ జయలక్ష్మికి సలహా. ఫారంలో నేను జన్మలో మొదటిసారి రాసిన అబద్ధం అది.

నీకు వెంటనే ఇవ్వమని ఎందుకు చెప్పలేదో కూడా చెబుతాను. ఇది మీ పెద్దమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, రామన్న అనే ఒక నెయ్యి వ్యాపారి సరుకు నా దగ్గరికి వచ్చింది. నెయ్యి అసలుదో కాదో చెప్పే అంకె ఉండాల్సినదాని కంటే తక్కువ వచ్చింది. "కల్తీ" అని రాసి సంతకం పెట్టాను. అధికారులు అతని కొట్టు మూయించారు, అతను ఊళ్ళో తలెత్తుకోలేకపోయాడు. రెండేళ్ళకి తెలిసింది, ఆ పల్లెల్లో గేదెలకి పత్తిగింజలు మేపుతారు, అలాంటి నెయ్యి ఎంత స్వచ్ఛమైనదైనా ఆ అంకె తక్కువే వస్తుందని. వెతుక్కుంటూ వెళ్ళాను. అతను ఊరు వదిలిపోయాడు. ఆనాటి నుంచి అంకె రాస్తాను తప్ప కింద నా మాట రాయను. మా ల్యాబులో నన్ను జాగ్రత్త మనిషి అనేవారు. జాగ్రత్త కాదమ్మా, భయం. ఆ భయంతోనే నీకు కూడా ఒక మాట చెప్పకుండా నెల రోజులు తిప్పాను. దాని ఫలితం పసిదాని మీద పడింది.

ఈ ఉత్తరం మీ పెద్దమ్మ చేతికిచ్చి ఆటోలో పంపుతున్నాను. ఆవిడ ఊరంతా చెబుతుందని భయపడకు, చెబితే చెప్పనీ. ఆవిడ ముగ్గురు పిల్లలకి పాలిచ్చింది, నాకంటే ఆవిడ మాటే విను. రేపు డాక్టరు గారికి జరిగినదంతా దాచకుండా చెప్పు. నేను కూడా వద్దామనుకున్నాను. నీ మొహం చూసే ధైర్యం చాలలేదు.

నీ పాలలో ప్లాస్టిక్ బొత్తిగా లేదని ఇప్పటికీ అనలేను. ఎంతో కొంత ఉండే ఉంటుంది, అందరిలోనూ ఉంటుంది. ఎంతో నాకు తెలియదు, ఆ ల్యాబుకీ తెలియదు. కానీ ఈసారి కింద నా మాట రాస్తున్నాను, సంతకం పెడుతున్నాను. నీ బిడ్డకి నీ పాలు ఇవ్వు.

కె. సోమేశ్వరరావు

*

కొండాపూర్,
29 మార్చి 2026

పెదనాన్నా,

ఇన్ని రోజులు రాయనందుకు అలిగాననుకుని ఉంటారు. నిజంగానే అలిగాను. అందుకే రాయలేదు. కోపంలో రాస్తే మీ మనసు కష్టపెట్టేలా రాస్తానని ఆగాను. ఇప్పుడు కూడా కాస్త మిగిలి ఉంది, భరించండి.

ఆ రోజు పెద్దమ్మ చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి, "ఏదీ, బిడ్డేదీ?" అంటూ పాపని ఎత్తుకొచ్చి నా ఒళ్ళో పెట్టారు. ఉత్తరం తర్వాత, ముందు ఇవ్వు అన్నారు. నేను అలవాటుగా ఫోన్ అందుకోబోతే చేతిలోంచి లాక్కున్నారు. మూడు నిమిషాలయ్యాయి, నాలుగయ్యాయి. పాప ఎప్పుడు తీసేస్తానో అని కళ్ళు పెద్దవి చేసుకుని నా మొహంలోకే చూస్తోంది పెదనాన్నా. మూడు నెలల పిల్లకి ఆ భయం నేర్పాను నేను. తీయలేదు. కాసేపటికి కళ్ళు మూసుకుని, గుటకలు నెమ్మదించి, చివరికి తనంతట తనే వదిలేసింది. పెదవి మీంచి పాలు కారుతున్నాయి. ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. అత్తగారు గుమ్మంలో నిలబడి అంతా చూశారు. పెద్దమ్మ ఆవిడకి మొత్తం చెప్పేశారు, ల్యాబు, సింకు, నూలు చీర, అన్నీ. ఆవిడ నా పక్కన కూర్చుని, "నాకు చెప్పొచ్చు కదమ్మా, నేనేం తినేస్తానా?" అన్నారు. ఇద్దరం ఏడ్చాం.

డాక్టరు గారికి అన్నీ చెప్పాను. తిట్టారు. తిట్టి, "అంకె ఏదైనా సరే, తల్లి పాలు మానొద్దు," అన్నారు. అంతే. అర నిమిషం పట్టింది ఆయనకి ఆ మాట చెప్పడానికి. మొదటి రోజే అడిగి ఉంటే సరిపోయేది, అది నా తప్పు.

ఇక మీ తప్పు. మీ ఉత్తరాలన్నీ మళ్ళీ వరుసగా చదివాను. ఒక్క అబద్ధం లేదు వాటిలో. ప్రతి మాటా సరైనదే. కానీ ఉందా లేదా అని నేను అడగలేదు పెదనాన్నా. ఇవ్వొచ్చా వద్దా అని అడిగాను. అవి రెండు వేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు ఎవరికీ తెలియదు, రెండోదానికి జవాబు మీకు మొదటి రోజే తెలుసు. తెలిసి నా చేత గ్లాసులు కడిగించారు.

రామన్న గారి సంగతి చదివి మీ మీద జాలేసింది. అయినా ఈ మాట అనకుండా ఉండలేకపోయాను.

ఎడమవైపు పాలు మళ్ళీ రాలేదు. డాక్టరు గారు, పెద్దమ్మ, వెల్లుల్లి కారం, ఎవరి వల్లా కాలేదు. కుడివైపు బాగానే ఉన్నాయి, చాలనప్పుడు ఉగ్గుగిన్నెతో పాలపొడి కలిపి పడుతున్నాం. దివ్యకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆమె చెల్లెలు కూడా అదే ల్యాబులో ఇచ్చి మానేసిందట, వెంటనే ఇవ్వమని చెప్పించాను. ల్యాబుకి కూడా మీ మూడు వందల పన్నెండు సంగతి రాశాను. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని జవాబొచ్చింది. ఆ అంకెలు ఏమిటో, ఎంత నాదో, ఎంత గాలిదో, ఎంత కొవ్వుదో నాకు ఇప్పటికీ గందరగోళమే. రోజూ కాసేపు ఆలోచిస్తాను, తేలదు, వదిలేస్తాను.

నిన్న మళ్ళీ తూచారు. అయిదు వందల అరవై గ్రాములు పెరిగింది. ఆ త్రాసు నమ్మొచ్చా, దానికి ఖాళీ నమూనా తీశారా అని నన్ను అడక్కండి. పాపని ఎత్తుకుంటే ఇప్పుడు నాకు మోచెయ్యి లాగుతోంది. మీరే వచ్చి ఒకసారి ఎత్తుకుని చూడండి.

మీ
రసజ్ఞ